ఎండబెట్టిన గాలి

సముద్రం మధ్య ద్వీపంలో, డిగ్నాబాద్ పేటలో ప్రింటింగ్ ప్రెస్ నడిపే గిరిధర్‌కి అక్కడి తేమ అంటే నామోషీ. విశాఖలో ఒక పెద్ద ప్రెస్ చూసొచ్చాక, తన మెషీన్ గదికీ ఏసీ బిగించి, గాలిలో తేమ లాగేసే యంత్రం తెప్పించి, కిటికీలన్నీ మూయించాడు.

గాలి ఆయన కోరినంత బాగానే ఎండింది. దాంతో స్టాటిక్ కరెంటు పట్టిన కాగితాలు ఒకదాన్నొకటి వదలడం మానేశాయి. వండూర్ తీరంలో పడవ షికార్ల కరపత్రాలు జంటలుగా మెషీన్‌లోకి దూరాయి. ఒకటి అచ్చయితే, దానికి అంటుకున్నది తెల్లగానే బయటికొచ్చింది.

ఇరవై ఏళ్లుగా ఆ మెషీన్ నడుపుతున్న రాజకుమారి కాగితాల దొంతర మీద చెయ్యి పెట్టింది. చేతి మీది వెంట్రుకలు లేచి నిలబడ్డాయి.

"గాలి మొత్తం ఎండిపోయింది భయ్యా. ఆ తేమ మెషీన్ బంద్ చేసి కిటికీలు తెరిస్తే బస్, అంతే, ఠీక్ అయిపోద్ది."

"కిటికీలు తెరవడానికా అది కొన్నది దీదీ? చెన్నై ఎక్స్‌పర్ట్‌తో మాట్లాడాను. స్టాటిక్ పోగొట్టే పరికరం షిప్‌లో పంపుతాడంట. మూడు వారాలే కదా!"

కరపత్రాలు మర్నాటికి కావాలి. ఆయన భోజనానికి వెళ్లగానే ఆమె ఆ యంత్రం ఆపి కిటికీలు తెరిచింది. సముద్రపు గాలి గదంతా నిండాక కాగితాలు బుద్ధిగా ఒక్కొక్కటే కదిలాయి.

గిరిధర్ తిరిగొచ్చి, చూసి మురిసిపోయి, ముందు ఎక్స్‌పర్ట్‌కి ఫోన్ చేసి, పరికరం బయల్దేరకముందే పనిచేసిందంటూ థాంక్స్ చెప్పాడు. ఆ తర్వాతే కిటికీల వంక చూశాడు. మొహం ఎర్రబడింది.

"'కిటికీలు తెరవరాదు' అని నోటీసులు కొట్టండి దీదీ. ప్రతి గోడకీ అంటించాలి."

"అచ్ఛా భయ్యా," అంది రాజకుమారి.

నోటీసులు అచ్చయ్యేదాకా మాత్రం కిటికీలు మూయమని ఆయన అనలేదు.