కుడిమూల స్పీకరు బొమ్మ

"సౌండు తగ్గించమంటున్నారండి డాక్టరుగారు," అంది ఆయా. శశిభూషణ్ నల్లతెరలో కమాండు కొట్టి నలభైకి దించాడు. రెండు నిమిషాలకే హాల్లోంచి "వినబడట్లేదు బాబూ" అన్నారు. మళ్లీ కొట్టి ఎనభైకి ఎక్కించాడు. పదకొండేళ్లుగా ఇదే పని. అతను పెంచిన ధ్వనంతా ఒకచోట పోగేస్తే గోదావరి మీద రైలు వంతెన ఊడి ధవళేశ్వరం దాకా కొట్టుకుపోయేది.

అది చెవి ఆసుపత్రి. చెవుడుకి మందు కోసం వచ్చినవాళ్లని స్పీకర్లో నంబరు పెట్టి పిలుస్తారు. నంబరు టీవీలో చూపిద్దామని అతను ఆరుసార్లు చెప్పాడు. టీవీ ప్రకటనలకేనన్నారు.

నలభై ఆరేళ్ల మనిషి. కుర్చీకి ఎడమ చెయ్యి విరిగిపోయి నాలుగేళ్లయింది కాబట్టి, ఇంట్లో భోంచేసేటప్పుడు కూడా కుడివైపుకే ఒరిగి కూర్చుంటాడు. కంప్యూటరేమో ఆ కుర్చీ కంటే పాతది. బరువైనదేదీ మొయ్యలేదని అందులో బొమ్మలూ మెనూలూ లేని ఒట్టి విండో మేనేజర్ పెట్టాడు. తెర మూల గడియారం తప్ప ఇంకేం లేదు. సౌండు బొమ్మ పెట్టుకుందామని అనుకున్నప్పుడల్లా మేనేజరు సూర్యప్రకాశంగారు, "వచ్చే నెల కొత్తది కొంటున్నామండి," అనేవారు. ఆ వచ్చే నెల పదకొండేళ్లుగా వస్తూనే ఉంది.

నిన్న ఉప్పాడ నుంచి రెండు బస్సులు మారి వచ్చిన సంపూర్ణమ్మ, లైట్లార్పే దాకా బెంచీ మీదే ఉండిపోయింది. సౌండు నలభైలో ఉన్నప్పుడు ఆమె నంబరు పిలిచారు, ఆవిడకి వినబడలేదు. అప్పుడు సౌండు తగ్గించమన్నవాళ్లెవరూ ఆ సంగతి ఎత్తలేదు.

"రేపు కొత్తమ్మాయి పావనికి అప్పజెప్పి వెళ్లిపోండి," అన్నారు సూర్యప్రకాశంగారు, తప్పు శశిభూషణ్ మీద వేసి, అందరి ముందూ.

ఇవాళ సంపూర్ణమ్మ మళ్లీ వచ్చింది. ముప్ఫై రెండో నంబరు. డాక్టరు ఒంటిగంటకి వెళ్లిపోతాడు. ఈ ఉద్యోగం తగలబడినా సరే, ఆవిడ లోపలికి వెళ్లాకే తను బయటికి వెళ్లాలనుకున్నాడు శశిభూషణ్.

"అంకుల్, ఈ ఇంగ్లీషంతా నేను కొట్టలేనండి," అంది పావని.

"కొట్టక్కర్లేదమ్మా. మూలన బొమ్మ పెడతాను. మౌసు చక్రం తిప్పితే చాలు."

పళ్లు నూరుతూ సెట్టింగుల ఫైల్లో పన్నెండు లైన్లు రాశాడు. గడియారం పక్కన గోరంత స్పీకరు బొమ్మ మొలిచింది. పక్కన నలభై. చక్రం తిప్పాడు, ఎనభై. ఇరవై తొమ్మిదో నంబరు మాత్రం గుసగుసలాగే వినిపించింది. కసిగా వందకి తిప్పాడు.

టీవీలో టూత్‌పేస్టు పాప గర్జించింది. హాల్లో సగంమందికి మందు లేకుండానే చెవులు తెరుచుకున్నాయి.

సూర్యప్రకాశంగారు పరిగెత్తుకొచ్చారు. "వెళ్లేరోజు కూడా మమ్మల్ని వదలరా అండి?"

"పదకొండేళ్లు వదల్లేదు గదండీ. ఇంకో పది నిమిషాలు ఓర్చుకోండి."

పొరపాటున బొమ్మని టీవీకి ముడిపెట్టాడు. స్పీకర్లది రెండో సౌండుకార్డు. ఇన్నేళ్లూ వేళ్లు కళ్లు మూసుకుని కొట్టిన ఆ కార్డు అంకె, రాయాల్సొచ్చేసరికి తప్పింది. తనని తాను ఒక బూతు తిట్టుకుని సున్నాని ఒకటి చేశాడు. టీవీ నోరు నొక్కి, బొమ్మని డెబ్భై దగ్గర ఆపాడు.

పన్నెండూ యాభైకి పావని స్పీకర్లో ముప్ఫై రెండో నంబరు పిలిచింది. బెంచీ చివర సంపూర్ణమ్మ తలెత్తింది. చీర కుచ్చిళ్లు పట్టుకుని లేచి, కౌంటరు దగ్గర ఆగింది.

"ఈ అమ్మాయి బాగా పిలిచిందయ్యా. నిన్నటోణ్ణి తీసేశారా?"

శశిభూషణ్ మౌసు చక్రం మీంచి వేలు తీశాడు.

"తీసేశారండి."

"మంచి పని చేశారు," అని ఆవిడ లోపలికి వెళ్లింది.

తలుపు మూసుకునేదాకా చూసి, అతను క్యారేజీ తీసుకుని మెట్లు దిగిపోయాడు. సూర్యప్రకాశంగారు ఫోన్లో ఉన్నారు.

కాసేపటికి ఆయా వచ్చి సౌండు తగ్గించమంది. పావని చక్రం మీద వేలు పెట్టింది, తిప్పలేదు. తెర కుడిమూల గోరంత స్పీకరు బొమ్మ, పక్కన డెబ్భై.