పేరు పెట్టని ముఖం

పుట్టినరోజు ఫ్లెక్సీలో పసివాడి తలమీద కిరీటం ఎంత సర్దినా చెవి మీదికే జారుతోంది. పద్మారాణి మౌసుతో దాన్ని మళ్ళీ పైకి లాగింది. వికారాబాద్ నుంచి పొద్దుటి రైల్లో నిలబడి వచ్చిన కాళ్ళు ఇంకా లాగుతున్నాయి. తాండూరు స్టేషను దగ్గరి ఈ ఫ్లెక్సీల దుకాణంలో ఆమె కుర్చీ ఎడమకు ఒరిగిపోయింది. భుజం కూడా ఆ ఒరుగుకే అలవాటు పడింది. సన్నటి మనిషి. కళ్ళ కింద నల్లటి చారలు. చెల్లెలి పెళ్ళి, తల్లి మోకాళ్ళ వైద్యం ఈ కుర్చీలోంచే గట్టెక్కించింది. ఆమె పెళ్ళి మాట ఇంట్లో ఎవరూ ఎత్తక చాలాకాలమైంది.

"బిడ్డా, మా రెబెక్క ఫోటో అయిందా? మధ్యాన్నం ప్రార్థన ఉన్నది. చర్చి వాళ్ళొస్తరు."

గుమ్మంలో ఏసుదాసు. పాలిషింగ్ యూనిట్లో నాపరాళ్ళు మోసి మోసి వంగిన వీపు. ఎంత కడిగినా రాతిపొడి వదలని చేతులు. భార్య పోయి నెల దాటింది. ఆధార్ కార్డు మీది మసక బొమ్మ తప్ప ఆమెకు వేరే ఫోటో లేదు. పోయిన శనివారం పద్మారాణి ఆ బొమ్మనే ఏఐకి ఇచ్చి, ముసలాయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ముఖాలు తయారు చేయించింది. అది నాలుగు చొప్పున ఇచ్చింది. అన్నీ తెల్లగా, నున్నగా, వరుస పళ్ళతో.

"గింత తెల్లగుండదు," అన్నాడాయన. "గీమె గుడ కాదు. మా దానికి పన్ను జర ముందుకుంటది."

చెప్పగా చెప్పగా చివరికి ఒక ముఖం వచ్చింది. ఏసుదాసు లేచి, తెర మీద చెయ్యి పెట్టాడు.

కరెంటు పోతుందేమోనని ఆమె గబగబా దాన్ని డౌన్‌లోడ్ చేసింది. పేరు మార్చబోతుంటే దుకాణం యజమాని పాండురంగం అవతల ఎవరిదో ఫ్లెక్సీ అర్జెంటని పిలిచాడు. ఆ పేరు అలాగే ఉండిపోయింది.

"కూసో తాతా. ఇప్పుడే తీసిస్త," అంది పద్మారాణి గుమ్మంలోని ముసలాయనతో.

ఇవాళ చూస్తే ఆ ఫైలు కనిపించలేదు. ఫోల్డరు తెరిస్తే అన్నిటికీ ఒకేలాంటి పేర్లు. అక్షరాలు, అంకెలు, మళ్ళీ అక్షరాలు, మూరెడు పొడుగున. నాయకులు, ఎడ్లు, దేవుళ్ళు, కేకుల ముందు పిల్లలు, వాళ్ళ మధ్య అక్కడక్కడా రెబెక్కలు. చిన్న గళ్ళలో ఆ రెబెక్కలందరూ ఒక్కలాగే ఉన్నారు. ఒక్కొక్కటే తెరిచింది. ఈమె పళ్ళు వరుసగా ఉన్నాయి. ఈమె రంగు వేరు. ఏఐ సైటులోకి వెళ్తే అక్కడ చేసినవన్నీ కుప్ప పోసినట్టు ఉన్నాయి. కొంతదూరం కిందికి జరిపేసరికి పేజీ మళ్ళీ మొదటికి వచ్చేస్తోంది. వెతికే చోట రెబెక్క పేరు కొడితే ఏమీ లేవంది. అవే మాటలతో మళ్ళీ చేయించింది. తెర మీదికి మరో నలుగురు ఆడవాళ్ళు వచ్చి నవ్వారు.

లోపలికి వెళ్ళి మెల్లగా అడిగింది. "అన్నా, నా ఫోల్డర్ల నుంచి ఏమన్న తీసేసిన్రా?"

"సిస్టం నిండిందంటే మొన్న కొన్ని కొట్టేసిన. ఒక్కతీరుగ ఉంటే డబుల్ అనుకున్న," అన్నాడు పాండురంగం. "గంత ఫికర్ ఎందుకు? ఏదో ఒకటి వేసియ్యి. ముసలాయనకు ఏం తెలుస్తది."

తిరిగి వచ్చి ఏసుదాసు వైపు చూసింది. స్టూలు మీద బుద్ధిగా కూర్చుని, ఉతికిన తువ్వాలు మోకాళ్ళ మీద పరుచుకుని ఉన్నాడు. పోయిందని చెప్పాలి. కానీ ఉన్నవాటిలో దగ్గరగా అనిపించిన ముఖాన్ని తీసుకుంది. రంగు తగ్గించింది. పై పన్నును కొంచెం కొంచెంగా ముందుకు లాగింది. ప్రింటు తీసి ఫ్రేము కట్టించింది.

ఏసుదాసు దాన్ని రెండు చేతులతో గుమ్మంలోకి, వెలుతురులోకి తీసుకెళ్ళాడు. చాలాసేపు చూశాడు.

"గామెనే కదా తాతా?"

"గామెనే ఉంటది బిడ్డా. నాకే కండ్లు సరిగ్గ ఆనుతలేవు."

తువ్వాల్లో చుట్టుకుని, ఎండలోకి నడిచాడు. వెనక్కి పిలవాలని ఆమె సగం లేచింది. అంతలో ఎవరో పెళ్ళిపత్రికతో లోపలికి వచ్చారు.

అన్నం గిన్నె తెరవలేదు. వీలు దొరికినప్పుడల్లా వెతికింది. డిలీట్ చేసినవి పడే బుట్టను కూడా పాండురంగం ఖాళీ చేసేశాడు. ఆ పూట చేసిన ప్రతి బొమ్మకూ, పసివాడి కిరీటానికి కూడా, పద్మారాణి పేరు పెట్టింది.

సాయంత్రం రైలుకు సంచీ సర్దుకుంటుండగా ఒక పెద్దామె వచ్చింది. ఏసుదాసు పక్కింటి రామమ్మనని చెప్పి, ఫ్రేమును టేబుల్ మీద పెట్టింది.

"ప్రార్థన కాలేదా?" అంది పద్మారాణి.

"అయింది. ఫోటో లేకుంటనే చేసిన్రు. ఆయన బిడ్డ వచ్చి కుల్కచర్లల తనింటికి తోల్కపోయింది. కిరాయి అర్ర గుడ ఖాళీ చేసిండు. ఇగ రాడు."

"నన్ను ఏమన్న అన్నడా?"

"కోపం గిట్ల ఏం లేదు. నీ పని మీద పరేషాన్‌ల ఉన్నవంట, ఫోటో మారినట్టుందన్నడు. గీమె ఎవరో మంచామె లెక్కనే ఉన్నది, వాళ్ళింటోళ్ళు దేవులాడుతుంటరు, జల్ది ఇచ్చి రమ్మన్నడు."

రామమ్మ వెళ్ళిపోయింది. స్టేషనులో రైలు వస్తోందని చెప్తున్నారు. పద్మారాణి కదల్లేదు. టేబుల్ మీద ఫ్రేములో, ఏ ఇంట్లోనూ ఎవరూ వెతకని ఆ ఆడమనిషి నవ్వుతోంది. అద్దానికి అటూ ఇటూ ముసలాయన బొటనవేళ్ళ ముద్రలు, తెల్లటి రాతిపొడితో.