కరెంటు ఇచ్చిన పెదనాన్న

ముప్పై ఒక్క ఏళ్లు ల్యాబ్ తలుపులు తీసి మూసిన మనిషిని ఆ పొద్దున కాలరు పట్టుకుని మెట్లు దింపారు. సెక్యూరిటీ వాళ్లు ఇద్దరు. ఒకడి చేతిలో ఆయన కాలరు, ఇంకొకడి చంకలో పాత కంప్యూటరు. ఆయన చెప్పు ఒకటి రెండో మెట్టు మీదే ఉండిపోయింది. క్లాసులకి వెళ్తున్న పిల్లలు గోడకి అతుక్కుపోయి చూశారు. చూడ్డం తప్ప ఏమీ చేయలేదు.

చూసినవాళ్లలో పిచ్చుక కూడా ఉంది. మనిషి పిడికెడు, నోరు బారెడు కాబట్టి హాస్టలంతా ఆ పిల్లని పిచ్చుక అంటారు. ఆ రోజు ఆ బారెడు నోరూ పెగల్లేదు.

ఆయన ల్యాబ్ అటెండరు. యూనివర్సిటీ పిల్లలందరికీ పెదనాన్న. చేసిన నేరమల్లా ల్యాబ్ మూలన ఆ పాత కంప్యూటరుకి ప్లగ్గు పెట్టుకోనివ్వడమే. పిల్లల సైటు అందులోనే ఉంది. క్లాసులో విన్నదాన్ని తమ మాటల్లో రాసి అక్కడ పెడతారు. ఒకరు తప్పు రాస్తే ఇంకొకరు దిద్దుతారు. పుస్తకం కొనలేనివాడూ, కూలికి పోయి క్లాసు తప్పినవాడూ దాన్ని చదివే గట్టెక్కుతారు. పిచ్చుక తల్లి ఊళ్లోవాళ్ల బట్టలు ఇస్త్రీ చేస్తుంది. ఆ సైటే లేకపోతే పిచ్చుక మొదటి ఏడాదే ఇంటికెళ్లి ఇస్త్రీపెట్టె పట్టుకునేది.

ఈ ఏడాది యూనివర్సిటీ పాఠాలన్నీ ఒక కంపెనీకి రాసిచ్చేసింది. ఇక కొనుక్కున్నవాడికే పాఠం. మాస్టారి నోట్లోంచి వచ్చిన మాట కంపెనీ సొత్తట, పిల్లలు చేత్తో రాసుకున్న నోట్సు దొంగసొత్తట. దొంగే దొంగా దొంగా అని అరిచినట్టుంది. పై గదుల్లో కూచున్న పెద్దమనుషులకి ఇది తెలీదా? తెలుసు. తెలిసే చేశారు.

ఇంతకీ పెదనాన్న పేరు వాళ్లకి ఎలా దొరికింది? పిచ్చుక చేతుల మీదుగానే దొరికింది. సైటులో ఒక అలవాటుంది. ప్రతి పాఠం కింద సాయం చేసినవాళ్లని తలుచుకుంటారు. లెక్క దిద్దింది ఫలానా, బొమ్మ గీసింది ఫలానా అని. అందర్నీ తలుచుకుని ఆయన్ని మరిస్తే విశ్వాసం లేనట్టే కదా అనుకుని, 'కరెంటు ఇచ్చింది మన పెదనాన్న' అని ప్రతి పేజీ అడుగునా పిచ్చుకే రాసింది. రిజిస్ట్రారు ఆ పేజీలనే ప్రింటు తీయించి, ఇదిగో సాక్ష్యం అన్నాడు.

మధ్యాహ్నం మెస్సులో మీటింగు. పరీక్షలు తొమ్మిది రోజుల్లో ఉన్నాయి. పళ్లాల్లో అన్నం ఎండిపోతోంది.

"నేనే పోయి ఒప్పుకుంటా. రాసింది నేను" అంది పిచ్చుక.

"ఒప్పుకుంటే ఆయన్ని తీసుకుంటారా? నిన్ను కూడా గెంటుతారు, అంతే" అన్నాడు తాతయ్య. మూడేళ్లుగా ఒకే పేపరు రాస్తున్నందుకు ఆ సీనియర్‌కి ఆ పేరు.

"క్షమాపణ చెప్పేద్దాం. పరీక్షలయ్యాక చూసుకుందాం" అన్నాడు టాపర్.

"ఆయన ఇంట్లో ఆకలి నీ టైంటేబుల్ చూసుకుని వస్తుందేంట్రా?" అన్నాడు తాతయ్య.

"నీకేం, నువ్వు ఎన్నిసార్లయినా రాస్తావు. మా ఇంట్లో చదువుకుంటున్నది నేనొక్కణ్ణే. ఏడాది పోతే మా నాన్న మళ్లీ పంపడు" అన్నాడు టాపర్. అది అబద్ధం కాదు. అక్కడున్న సగం మంది బతుకు అదే.

వంటమ్మ గరిటె చేత్తో పట్టుకునే బయటికి వచ్చింది.

"మీ సైటు గొడవ నాకు తెలీదు నాయనా. వచ్చే నెల నుంచి ఈ వంటిల్లు కూడా ఎవరో కంపెనీకే ఇస్తున్నారు. నన్నూ ఇలాగే మెట్లు దింపుతారు. అప్పుడూ పరీక్షలున్నాయని అన్నం తింటూ కూచుంటారా?"

పొద్దున గోడకి అతుక్కుపోయిన సంగతి అందరికీ గుర్తొచ్చింది. సిగ్గేసింది.

మర్నాడు పిల్లలంతా రిజిస్ట్రారు ఆఫీసు దగ్గరికి వెళ్లారు. పేజీల్లో ఆ ముక్క రాసింది పిచ్చుకేనని తెలిసి, అతను ఆ పిల్ల ఒక్కదాన్నే లోపలికి పిలిచాడు. బయట మెట్ల మీద పిల్లలు నిండిపోయి ఉన్నారు. టేబుల్ మీద కాగితం సిద్ధంగా ఉంది. అటెండరే తమని భయపెట్టి పాఠాలు దొంగిలించేలా చేశాడని అందులో రాసుంది.

"సంతకం పెట్టమ్మా. పరీక్ష రాసుకుంటావు, మీ అమ్మ సంతోషిస్తుంది. వాడిదేముంది, ముసలాడు."

"ఆయన పేరు మీకు తెలుసాండీ?"

రిజిస్ట్రారు కాగితంలో వెతికాడు. ఆ వెతకడం చూసేసరికి పిచ్చుకకి ఒళ్లు మండిపోయింది. కాగితం లాక్కుని బయటికొచ్చి, మెట్ల మీద నిలబడి మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివింది.

"పెదనాన్న మనల్ని భయపెట్టాడా?" అన్నాడు టాపర్. "ఆయన బల్లిని చూస్తేనే కుర్చీ ఎక్కుతాడు కదే!"

నవ్వు లేచింది. లేచిన నవ్వు అక్కడే కోపమైంది. టాపర్ ఆ కాగితాన్ని రెండోసారి తనే చదువుకున్నాడు. "నేను పరీక్ష రాయను" అన్నాడు. ఆ మాట అతని నోటి నుంచి వచ్చాక ఇక ఎవరూ వాదించలేదు.

పరీక్ష రోజు ఆరువందల మంది హాల్లోకైతే వెళ్లారు, జవాబులు రాయడానికి కాదు. ప్రశ్నలన్నీ పిచ్చుకకి వచ్చినవే. తల్లి గుర్తొచ్చి మొదటి ప్రశ్న నంబరు వేసి, కొట్టేసింది. తర్వాత అందరూ రాసిన ఒక్క ముక్కే తనూ రాసింది: పెదనాన్నని పనిలోకి తీసుకోండి, మా పాఠాలు మాకివ్వండి. లేచి వచ్చేసింది.

గేటు దగ్గర పెదనాన్న అడ్డంగా నిలబడ్డాడు. "బుద్ధుందా మీకు? నా ముష్టి ఉద్యోగం కోసం ఏడాది తగలేస్తారా? పొండి లోపలికి."

"మీ ఒక్కరి కోసమే అనుకుంటున్నారా పెదనాన్నా? ఇవాళ మీరు, రేపు వంటమ్మ, ఎల్లుండి మేము" అంది పిచ్చుక.

ఆయన కళ్లు తుడుచుకుంటుండగానే రిజిస్ట్రారు పిలిపించిన పోలీసు వ్యాను వచ్చి ఆగింది. ఇన్‌స్పెక్టరు దిగి లాఠీ ఊపాడు. "మీ లీడర్ ఎవడు?"

ఏ అధికారి ముందూ ఎన్నడూ లేవని గొంతు లేచింది.

"లీడరూ లేడు, నా బొందా లేదు. తలుపు తియ్యి, ఎక్కుతాం" అన్నాడు పెదనాన్న.

ముందు ఆయన ఎక్కాడు. వెనక పిచ్చుక, తాతయ్య, టాపర్. పొయ్యి ఆర్పేసి వచ్చిన వంటమ్మ చీర ఎగదోపుకుని ఎక్కింది. వ్యాను నిండిపోయింది. గేటు నుంచి ఇంకా వస్తూనే ఉన్నారు. రెండో వ్యానుకి కబురు పెట్టారు. అదీ చాల్లేదు.