ఆరోగ్య విభాగం వారి చదివింపు

దోమల పొగ మిషను ధర లక్షా ఇరవై వేలు. సగం మీరు వసూలు చేసుకుంటే మిగతా సగం మేమిస్తామని జిల్లా ఆఫీసు ఉత్తరం రాసి, నెల గడువు పెట్టింది. కోసిగి దారిలో ఉన్న ఆ చిన్న మున్సిపాలిటీలో ఉత్తరం చదివి అందరూ సంతోషించారు, శానిటరీ ఇన్‌స్పెక్టర్ సుజన తప్ప. వసూలు చేయాల్సింది ఆమె మరి.

వద్దనుకునే పనీ కాదు. నిరుడు వానలకు బండమీది వీధిలో నలుగురు పిల్లలకు డెంగీ వచ్చింది. నలుగురినీ కర్నూలు పెద్దాసుపత్రికి ఎక్కించి పంపింది సుజనే. ముగ్గురే తిరిగొచ్చారు. ఈసారైనా ఆ వీధిలో వేళకు పొగ పెట్టలేకపోతే తనకీ ఉద్యోగం ఎందుకని ఆమె చాలాసార్లు అనుకుంది.

తిండి అమ్మే ప్రతి కొట్టూ ఏడాదికి వెయ్యి రూపాయల ఆరోగ్య ఫీజు కట్టాలని కౌన్సిల్లో ప్రతిపాదన పెట్టింది. మొదట లేచింది కౌన్సిలరు వీరభద్ర. బస్టాండులో ఆయన హోటల్లో పొద్దున పదయ్యేలోపు మూడొందల ప్లేట్ల ఉగ్గాని బజ్జీ చెల్లిపోతుంది.

"నాది హోటలు కాదు మేడం, టిఫిన్ సెంటరు. నాకు హోటలు ఫీజు యేస్తే యెట్ల?" అన్నాడు.

ఆయనకు మినహాయింపు దొరికింది. మటన్ కొట్టు బసవన్న ఆదివారం మాత్రమే కోస్తాడు కాబట్టి ఆయనకూ దొరికింది. బేకరీ వాళ్లు తాము వండడం లేదనీ, కాలుస్తున్నామనీ వాదించి గెలిచారు. మధ్యాహ్నానికి జాబితాలో ఒక్క ఐసు ఫ్యాక్టరీ మిగిలింది. అది మూతబడి రెండేళ్లయింది. తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించి, చప్పట్లు కూడా కొట్టారు.

సుజనకు ఒళ్లు మండిపోయింది. ఆ మంటతోనే ఆదివారం ఆఫీసు గుమాస్తా ఇంట్లో పెళ్లికి పోయింది. భోజనాల పక్కన ఒకాయన మైకు పట్టుకుని చదివింపులు చదువుతున్నాడు.

"టిఫిన్ సెంటర్ వీరభద్ర గారు, ఐదు వేల నూట పదహార్లు!"

వెనకాలే బసవన్న ఆరు వేల నూట పదహార్లు చదివించాడు. వెయ్యి రూపాయలకు గుండెలు బాదుకున్న మహానుభావులు వీళ్లేనా అని సుజన చేతిలో లడ్డూ చేతిలోనే ఉండిపోయింది.

మర్నాడే ఫీజు మార్పించింది. కనీసం ఐదొందలు, పైన ఎవరిష్టం వాళ్లది, మినహాయింపు దొరికినవాళ్లూ కట్టొచ్చు. ఆఫీసు ముందు షామియానా వేయించి, ఆ మైకాయననే పిలిపించింది. రసీదు చేతికిస్తూనే పేరూ మొత్తమూ ఊరంతా వినపడేలా చదివించింది. వీరభద్ర అక్కడా ఐదు వేల నూట పదహార్లు కట్టాడు. మూడో రోజుకు అరవై వేలు దాటాయి. నెల తిరక్కుండానే మిషను దిగింది.

మిషను వెనకాలే వీరభద్ర దిగాడు, పసుపు రాసిన పెళ్లి పత్రిక పట్టుకుని. పైన 'ఆరోగ్య విభాగం వారికి, సకుటుంబంగా' అని రాసి ఉంది.

"మా పాప పెండ్లి మేడం. మేము మీకు ఐదు వేల నూట పదహార్లు పెట్టినాం. మీరేం పెడతాండారు?"

"అది ఫీజు కదండీ!"

"మైకులో చదివినారు గదా? చదివినాక అది చదివింపే. మా పుస్తకంలో గూడా రాసుకున్యాం."

అక్కడ పద్ధతే అంత. ఒకరు చదివించింది పుస్తకంలో ఎక్కుతుంది, వాళ్లింట్లో కార్యమైనప్పుడు ఇంకాస్త కలిపి తిరిగి పెట్టాలి. సర్కారు లెక్కల్లో పెళ్లి చదివింపులకు పద్దు లేదు. సుజన చేతిలో ఉన్నది ఆ మిషనొక్కటే.

"ఆరోగ్య విభాగం వారి చదివింపు, దోమల పొగ!" అని పెళ్లి పందిట్లో మైకు మోగింది. తెల్లవారే పెట్టి పోతామని సుజన మొత్తుకున్నా వీరభద్ర వినలేదు, నలుగురూ చూడాలన్నాడు. నలుగురూ దగ్గారు. పెళ్లికొడుకు ఐదు నిమిషాలు ఎవరికీ కనపడలేదు. పురోహితుడు మంత్రాలు ఆపి కళ్లు తుడుచుకున్నాడు. ఇంతటి చదివింపు జిల్లాలో ఎవరికీ పడలేదని వీరభద్ర మాత్రం మురిసి ముక్కలయ్యాడు.

ఇక పత్రికలు వచ్చి పడ్డాయి. గృహప్రవేశాలు, చెవులు కుట్టించడాలు, చివరికి ఒక బోరు పూజ. పది రోజుల్లో మందు సగం అయిపోయింది, మొదటి వాన పడింది, బండమీది వీధికి మాత్రం మిషను పోనేలేదు. సుజనకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆ రోజే గిడ్డమ్మ ఆఫీసుకు వచ్చింది. గుంటూరు మిరపకోతలకు పోయి ఉగాదికి తిరిగొచ్చిన కూలి మనిషి. నిరుడు కర్నూలు నుంచి తిరిగి రాని పాప ఆమె మనవరాలు.

"అమ్మా, మా యీదిలో యా పెండ్లీ లేదు. పొగ కావాలంటే మేమేం కార్డు కొట్టించాల?"

సుజన లేచి మిషను తీయించింది. ఆ సాయంత్రం వీరభద్ర బావమరిది గృహప్రవేశం ఉందని డ్రైవరు గుర్తు చేసినా వినలేదు. మైకాయనను మాత్రం బండిలో ఎక్కించుకుంది.

"బండమీది వీధికి టిఫిన్ సెంటర్ వీరభద్ర గారి చదివింపు, దోమల పొగ!"

బావమరిది ముందు పరువు పోయిందని కొట్లాటకు పరుగెత్తుకొచ్చిన వీరభద్ర వీధి మొదట్లోనే ఆగిపోయాడు. గడప గడపకూ ఆయన పేరే వినపడుతోంది. ఆడవాళ్లు బయటికొచ్చి దండాలు పెడుతున్నారు. తిట్టడానికి తెరిచిన నోట్లోకి పొగ పోయి దగ్గు పట్టుకుంది.

గిడ్డమ్మ చెంబుతో నీళ్లు తెచ్చిచ్చింది. "మా ఇండ్లల్లో కార్యం లేకున్యా శానా పెద్ద చదివింపు పెడితివప్పా. మల్లా పెట్టేదానికి మా తావ దుడ్లు లేవు. యెట్ల తీర్చాల?"

వీరభద్ర నీళ్లు తాగి, చెంబు ఆమె చేతికి తిరిగిచ్చాడు.

"తీర్చేది లేదవ్వా. అది చదివింపు గాదు. మున్సిపాలిటీకి కట్టిన ఫీజు. దాన్ని యెవురూ తిరిగి పెట్టే పని లేదు."

"ఆ మాటే ఇందులో ఒకసారి చెప్పండి సార్" అని సుజన మైకు తీసుకొచ్చి ఆయన చేతిలో పెట్టింది.