పోయొస్త

చేవెళ్ల బస్టాండు ఎదుట మీటింగు కోసం స్తంభానికి మైకు కడుతున్నాడు కుర్మయ్య. చేతులు పనిలో ఉన్నాయిగాని ప్రాణం మొయినాబాద్‌లోని ఇంట్లో కొట్టుకుంటోంది. పొద్దున బస్సు తప్పిపోతుందన్న ఆత్రంలో, మంచాన పడి ఉన్న అక్క రామమ్మతో "పోతున్న" అనేశాడు. గడప దాటేవాడు "పోయొస్త" అనాలి. ఎవరైనా మరిచిపోవచ్చుగాక, ఆ ఇంట్లో మరిచిపోతే ఎట్లా?

బావ ఎల్లేశ్ డెబ్బై ఒకటి యుద్ధానికి బయలుదేరుతూ, తొందరలో "పోతున్న" అనే అన్నాడు. తిరిగి రాలేదు. ఆ రోజుల్లోనే ఊరూరా మోగిన సిపాయి పాట రికార్డులో మాత్రం "పోయొస్తనే అవ్వా" అని ఉంది. మైకు దుకాణంలో అప్పుడే చేరిన కుర్మయ్య దాన్ని తెచ్చి అక్కకు వినిపించాడు. మొగుడే అన్నాడనుకుని రామమ్మ ఆ మాట పట్టుకుని బతికింది.

తర్వాత అదే పాట క్యాసెట్టులో వచ్చినప్పుడు పాడినవాడెవడో "పోతున్నానమ్మా" అని రాగం తీశాడు. ఇప్పుడు డీజే దరువేసి ఫోన్లలో తిప్పుతున్నదీ అదే. "గట్ల అంటరారా ఎవరన్న?" అని రామమ్మ చెవులు మూసుకునేది. పాత రికార్డు భద్రంగానే ఉంది. ప్లేయరు ముల్లే విరిగి ఏళ్లయింది.

మధ్యాహ్నం మీటింగులో ఆ డీజే పాటే పెట్టించారు. కుర్మయ్యకు ఒళ్లు మండింది.

"సేటూ, నిన్న పాత సామాన్ల దొరికిన ముల్లు జర ఇయ్యి. ఇంటికి పోవాలె."

"మీటింగ్ ఇడిసిపెట్టి ఏడికే కాకా?" అన్నాడు దుకాణం యజమాని ప్రేమ్ కుమార్.

"అక్కకు చెప్పరాని మాట చెప్పొచ్చిన."

ప్రేమ్ కుమార్ నవ్వబోయి, అతని మొహం చూసి ముల్లు ఇచ్చేశాడు.

బస్సులో సీటు దొరికినా కుర్మయ్య కూర్చోలేదు. కూర్చుంటే బస్సు మెల్లగా పోతుందేమోనని పిచ్చి భయం. ఇంట్లో అడుగుపెట్టేసరికి రామమ్మ కళ్లు తెరిచే ఉంది.

"వచ్చినవా? పోతున్న అంటివి గద" అంది వెక్కిరిస్తూ.

"నోరు జారిందక్కా." ఏడుపు ఆగలేదు అతనికి.

ముల్లు బిగించి రికార్డు పెట్టాడు. గరగరల నడుమ ఆ మాట వచ్చింది. రామమ్మ మొహం విప్పారింది.

"పోయొస్తరా తమ్మీ" అంది.

వంగి శబ్దం సరిచేస్తున్న కుర్మయ్య అలవాటుకొద్దీ "మంచిదక్కా, పైలంగ పోయిరా" అన్నాడు. లేవలేని మనిషి ఎక్కడికి పోతుందని అప్పుడు తట్టి, చప్పున వెనక్కి తిరిగాడు.

రామమ్మ చెయ్యి మంచం పట్టె మీంచి జారి ఉంది. పాట ఎప్పుడైపోయిందో, నల్లటి రికార్డు ముల్లు కింద గరగరమంటూ తిరుగుతూనే ఉంది.