ఆఖరి కాగితం ముందు

విశాఖలో చదువు మధ్యలో వదిలేసి నర్సీపట్నంలో మామ్మ కాసులమ్మ దగ్గరికి వచ్చేసింది సత్యశ్రీ. ఎందుకు వచ్చేశావని అడిగితే గోడకేసి తిరిగి పడుకునేది. అలాంటి పిల్ల చేతికి ఎక్కడినుంచో ఒక నవల దొరికింది. అందులో కుర్రాడికి ఇంటి మీద కోపం, కాలేజీ మీద కోపం, అద్దంలో కనిపించే తన మొహం మీదా కోపమే. అది చదివినన్నాళ్లూ "మామ్మా, ఇది విను" అంటూ కాసులమ్మ వెనకే తిరిగింది. నవల అయిపోయింది. దాంతో పాటే మాటలూ అయిపోయాయి.

"అలాంటిది ఇంకోటి దొరకదు మామ్మా."

"ఎందుకు దొరకదే? నాను తెస్తాను, ఉండు."

కాసులమ్మకు సంతకం వరకే వచ్చు. అయితేనేం, పడుచుతనమంతా గొలుగొండ దగ్గర జీడిపిక్కల షెడ్డులో నవలలు విన్న మనిషి. రోజారమణి అనే ఆవిడ చదువుతుంటే మిగతావాళ్లు పిక్కలు కొడుతూ వినేవారు. చదివినంతసేపూ ఆవిడ కూలి పోకుండా, తాము కొట్టిన పప్పులోంచి తలా గుప్పెడు ఆవిడ చేటలో వేసేవారు. చేతులు మారి మారి వచ్చిన పుస్తకాలాయె, చివరి కాగితాలు ఊడిపోయి ఉండేవి. అందుకని ముందు ఆఖరి కాగితం చదివించేవారు. అది ఉండి, నచ్చితేనే మొదటి పేజీ.

మర్నాడే లైబ్రరీకి వెళ్లింది. అక్కడ పుస్తకాలిచ్చే నాగేంద్రతో, "లోకమ్మీద అలిగినోల్ల నవల ఇయ్యి నాయనా," అంది.

"ఇది తీసుకోండి మామ్మగారూ. ఈ కాలం పిల్లలంతా చదవాలి."

"ఆఖరి కాగితం సదువు."

చదివాడు. కుర్రాడు కలెక్టరయ్యాడు, ఊరంతా దండలేసింది.

"ఈడిదేటి కోపం? ఉద్యోగం రాగానే సల్లారిపోనాది. ఇంకోటి తియ్యి."

రెండోదాంట్లో పెళ్లయింది. మూడోదాంట్లో కొడుకు తల్లి కాళ్ల మీద పడ్డాడు. నాగేంద్రకూ హుషారొచ్చి స్టూలెక్కి, పై అరలోని నవల దింపి చదివాడు. ఒక అమ్మాయి ఇంటికి వెళ్లే బస్సెక్కి, ఊరు రాకుండానే దిగిపోయింది. బస్సు వెళ్లిపోయింది. అమ్మాయి రోడ్డు దాటింది. అంతే.

"ఇదే," అంది కాసులమ్మ.

ఇంటి దగ్గర సత్యశ్రీ చేట ముందేసుకుని జీడిపప్పుకి పొట్టు తీస్తోంది.

"దొరికిందే! ఆఖర్న ఆ పిల్ల బస్సు దిగిపోద్ది, సూడు..."

"మామ్మా! ముగింపు చెప్పేశావేటి? ఇంకేటి చదవను?"

కాసులమ్మ తెల్లబోయింది. షెడ్డులో దీనికి ఎవరూ అరవలేదు మరి. అయినా తగ్గలేదు.

"దిగిందని సెప్పేను. ఎందుకు దిగిందో నాకేటి తెలుసు? ఇంటికెల్లే బస్సే కదా. దారంతా అదే బుర్ర తొలిసేత్తంది."

సత్యశ్రీ ఇంకాస్త పొట్టు తీసింది. తర్వాత చేతులు తుడుచుకుని పుస్తకం అందుకుంది.

"పైకి సదువు. నానూ ఇంటాను."

సత్యశ్రీ చదవసాగింది. కాసులమ్మ మనవరాలి చేటను తన ముందుకు లాక్కుంది. కొన్ని పేజీలయ్యాక, నవల్లో అమ్మాయి క్లాసు గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగిన చోట, సత్యశ్రీ చదవడం ఆపింది.

"ఇక్కడే నేనూ దిగిపోయాను మామ్మా."

కాసులమ్మ తలెత్తలేదు. చేతులూ ఆపలేదు.

"అయితే పుస్తకం పక్కనెట్టి ముందు అది సెప్పు," అంది. "పప్పు సంగతి నాను సూసుకుంటాను."