ఒకే పట్టీకి ఇద్దరు మాస్టర్లు

వెంకట్రావు అన్న సంచిలో టార్చిలైటు పెట్టాను. ఆయన తీసి మంచం మీద పెట్టాడు. జీలకర్ర పొట్లం పెట్టాను. అదీ తీశాడు. గొడుగు పెట్టబోతే సంచి మూతి రెండు చేతులతో మూసేశాడు.

"చెల్లెమ్మా, నేను వెళ్ళేది తెనాలికి. కాశీకి కాదు."

"తొవ్వల బస్సు ఆగితే ఎట్లన్నా? సమ్మె నడుస్తున్నది గదా."

"ఆగితే అక్కడే దిగి మీవాళ్ళతో కలిసి జై తెలంగాణ అంటాను. భోజనం పెట్టరూ?"

సకల జనుల సమ్మె రోజులవి. ఆర్టీసీ బస్సులు డిపోలు దాటడం లేదు. ఎల్‌బీ నగర్ చౌరస్తా నుంచి సాయంత్రం ఐదింటికి ఒక ప్రైవేటు బస్సు పోతుందని తెలిసి ఆయన టికెట్టు తీసుకున్నాడు. తమ్ముడి మనవరాలి ఓణీల వేడుక. పది రోజుల్లో వచ్చేస్తానన్నాడు.

ఆయన నాకు తోడబుట్టినవాడు కాదు. మా మేడ మీద ఇరవై ఏళ్ళుగా కిరాయికి ఉంటున్న గుంటూరు జిల్లా మనిషి. భార్య శేషారత్నం పోయాక పొయ్యి వెలిగించడం మానేసి మా ఇంట్లోనే తినేవాడు. తింటూ మా కూరల్లో కారం చాలదని వంక పెట్టేవాడు.

నాకు ప్రయాణాలంటే భయం. ఎవరు చెప్పులు తొడుక్కున్నా ఎప్పుడొస్తారని రెండుసార్లు అడుగుతాను. మా ఆయన నూలు తెస్తానని పొద్దున పోచంపల్లికి పోయాడు. సాయంత్రం నలుగురు మోసుకొచ్చారు. అందుకే ఆ రోజు నేను ఒకటే పట్టు పట్టాను. అన్న బస్సెక్కేలోగా శేషారత్నం గొంతు ఆయన వినాలి.

ఆ గొంతు ఒక పాత హార్డ్ డిస్కులో ఉంది. మా అబ్బాయి మధుకర్ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో కంప్యూటర్ పాఠాలు చెబుతాడు. చాలా ఏళ్ళ కిందట రెండిళ్ళకూ ఒకే రకం కంప్యూటర్లు తెచ్చిపెట్టాడు. శేషారత్నం మైకు ముందు కూర్చుని గోంగూర పచ్చడి ఎలా పెట్టాలో చెప్పింది. మధ్యమధ్యలో మొగుణ్ణి తిట్టింది. మా కంప్యూటర్లో మధుకర్ నిశ్చితార్థం వీడియో ఉండేది. అందులో మా ఆయన మాటలున్నాయి. తర్వాత రెండూ పాడయ్యాయి కానీ డిస్కులు మాత్రం బాగానే ఉన్నాయని మధుకర్ అనేవాడు. సమ్మెకు సెంటరు మూతపడింది కనుక ఆ రోజు ఇంట్లో దొరికాడు.

కొత్త కంప్యూటర్ డబ్బా విప్పి, వెడల్పాటి పట్టీ లాంటి తీగ చూపించాడు.

"మామా, ఇండ్ల పాత డిస్కులకు ఒక్కటే జాగ ఉన్నది. కానీ గీ పట్టీకి రెండు తలలు. రెండూ ఒక్కసారే తగిలించొచ్చు. ఒకటి మాస్టర్, ఒకటి స్లేవ్."

ఏది ఏదవుతుందో తేల్చేది డిస్కు వెనక ఉన్న గోరంత ప్లాస్టిక్ ముక్కట. దాన్ని పట్టకారుతో పీకి ఒక చోట గుచ్చితే మాస్టర్, పక్కన గుచ్చితే స్లేవ్. నేను బడికి పోలేదు. దుకాణాల బోర్డులు చూసి తెలుగు, సినిమా పోస్టర్లు చూసి ఇంగ్లీషు అక్షరాలు పట్టుకున్నాను. డిస్కు మీది కాగితంలో ఆ రెండో మాటను కూడబలుక్కుని అడిగాను.

"స్లేవ్ అంటే ఏంది?"

"బానిస," అన్నాడు వెంకట్రావు అన్న.

చౌరస్తా వైపు పోతున్న ఊరేగింపు నినాదాలు కిటికీలోంచి వినపడుతున్నాయి.

"అయితే మా నాయిన మాస్టర్," అన్నాడు మధుకర్. "గింత కొట్లాడుకుంట మల్ల బానిస గావాల్నా?"

"మా శేషారత్నం నాకే లోబడలేదురా అల్లుడూ. మీ నాన్నకు లోబడుతుందా?"

"అత్తను ఏమన్న అన్ననా మామా? గది వైరు ముచ్చట."

"వైరు ముచ్చటే అయితే మీ నాన్ననే బానిసగా పెట్టు."

మధుకర్ నవ్వి, తాను అన్నట్టే మా డిస్కును మాస్టర్ చేసి, అన్న డిస్కును స్లేవ్ చేశాడు. అంతలో ఫోను మోగితే బయటికి పోయి మాట్లాడి వచ్చాడు. తీగలు తగిలించి మీట నొక్కాడు. తెర వెలిగింది కానీ రెండు డిస్కుల్లో ఒక్కటీ కనపడలేదు. తీగ పీకి మళ్ళీ పెట్టాడు. దుమ్ము ఊదాడు. పట్టీ మార్చాడు. గడియారం మూడు దాటింది. నాలుగింటికి కరెంటు కోత. నేను యాదగిరి నరసింహస్వామికి మొక్కుకున్నాను. చివరికి మధుకర్ డిస్కులు ఊడదీసి వెనక్కి తిప్పాడు.

"ఇద్దరూ మాస్టర్లే ఉన్నరు గదా! ఎవరు మార్చిన్రు?"

ఊరేగింపులో జనం బాగా వచ్చారని అన్న కిటికీలోంచి చూస్తూ అన్నాడు. పట్టకారు ఆయన చొక్కా జేబులోంచి తొంగి చూస్తోంది.

"మామా, ఒక్క పట్టీ మీద ఇద్దరు మాస్టర్లుంటే ఇద్దరూ కనపడరు."

"అందుకేగా మీరు వేరుపడతామంటున్నది!"

నవ్వి నవ్వి నాకు పొరబోయింది. అన్న కళ్ళజోడు సర్దుకుని, ఆ ముక్కను తన చేత్తోనే పీకి పక్కన గుచ్చాడు. డిస్కు మీద వేలితో తట్టి, "గంటసేపు ఓర్చుకో రత్నం. తెనాలిలో ఎవరికీ చెప్పనులే," అన్నాడు.

ఈసారి రెండూ కనపడ్డాయి.

"పాత డిస్కులు, ఎప్పటిదాంక తిరుగుతయో తెల్వదు. ముందు కాపీ చేద్దం, తర్వాత విందం," అన్నాడు మధుకర్.

"అన్నది ముందు చెయ్యి బిడ్డా. పొయ్యేటోడు గదా," అన్నాను నేను.

"ఇంటివారిది ముందు," అన్నాడు అన్న. "పైగా మాస్టర్లు మీరేనాయె."

ఎంత చెప్పినా వినలేదు. మా వీడియో పెద్దది, నిదానంగా దిగింది. దిగాక మధుకర్ మీట నొక్కితే జనం సందడి మధ్యలోంచి మా ఆయన గొంతు వచ్చింది. "అండాలూ, తలుపుకు తాళమేసినవా? ఏసినవని తెల్సు. పోయి మల్ల చూసొస్తవా?" వీడియోలో అందరూ నవ్వారు. ఇక్కడ అన్న కూడా నవ్వాడు. నేను కొంగు అడ్డం పెట్టుకున్నాను.

మధుకర్ శేషారత్నం పేరు మీద నొక్కబోయాడు. నాలుగింటికి పోవాల్సిన కరెంటు అప్పుడే పోయింది.

"జరసేపు ఆగన్నా. ఆరింటికల్ల ఒస్తది."

"బస్సు ఆగదు చెల్లెమ్మా."

"ఫోన్ల వినిపిస్త మామా," అన్నాడు మధుకర్.

"వద్దురా. ఆవిడ తిట్లు ఎదురుగా కూర్చుని తినాలి. ఇన్నేళ్ళు ఆగినవి పది రోజులు ఆగలేవా?"

మధుకర్ ఆయన్ని స్కూటరు మీద చౌరస్తాలో దించి వచ్చాడు. కరెంటు వచ్చాక శేషారత్నం గొంతు కొత్త కంప్యూటర్లోకి చేరింది. సరిగ్గా దిగిందో లేదోనని మొదలు మాత్రం విన్నాం. "గోంగూర కడిగి నీడన ఆరబెట్టాలి, ఎండలో కాదు. ఏవండీ, ఆ ఫ్యాను ఆపండి, నా మాట నాకే వినపడటంలేదు." అక్కడ ఆపించాను. మిగిలింది ఆయన వచ్చాక ఆయనే వినాలన్నాను.

వెంకట్రావు అన్న తిరిగి రాలేదు. తెనాలిలో తమ్ముడి ఇంట్లో, 2011 అక్టోబరు పద్నాలుగున, గుండె ఆగి పోయాడు.